సింగరేణి ప్రాంతంలో వంశ పరిశోధన

వంశ పరిశోధన అనగా ఒక వ్యక్తి లేదా కుటుంబం యొక్క పూర్వీకులను, వారి మధ్య గల బంధుత్వాలను, వారు నివసించిన ఊళ్ళను, వలస వెళ్ళిన మార్గాలను ఆధారాలతో గుర్తించి క్రమపద్ధతిలో నమోదు చేయడం. దీని ఫలితాన్ని సాధారణంగా వంశవృక్షం రూపంలో చూపుతారు. మౌఖిక కథనాలు, రాతపూర్వక పత్రాలు, డీఎన్‌ఏ పరీక్షలు దీనికి మూడు ప్రధాన ఆధారాలు. తెలంగాణ రాష్ట్రంలో రామగుండం, గోదావరిఖని, మంచిర్యాల, బెల్లంపల్లి, భూపాలపల్లి, ఇల్లందు, కొత్తగూడెం, మణుగూరు పట్టణాలతో కూడిన సింగరేణి బొగ్గు గనుల ప్రాంతంలో ఈ పరిశోధనకు ప్రత్యేకమైన ప్రాముఖ్యం ఉంది. ఇక్కడి కుటుంబాలలో అధికభాగం రెండు మూడు తరాల క్రితం పల్లెల నుండి గనుల పనికి వచ్చి స్థిరపడినవే. గనిలో నమోదైన పేరు, ఇంట్లో పిలిచే పేరు వేరు వేరుగా ఉన్న కుటుంబాలు కూడా ఇక్కడ ఉన్నాయి. అందువలన "మా తాత ఎవరు, ఏ ఊరివాడు" అన్న ప్రశ్న ఇక్కడ ఉద్యోగం, పింఛను, భూమి హక్కులతో కూడా ముడిపడి ఉంది.

నేపథ్యం

1871లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గు నిక్షేపాలను గుర్తించాడు. 1886లో ఇంగ్లండులో నమోదైన హైదరాబాద్ (దక్కన్) కంపెనీ గనుల తవ్వకానికి హక్కులు పొందింది. 1889లో ఇల్లందు వద్ద ఉత్పత్తి మొదలయింది. 1920 డిసెంబరు 23న ఇది సింగరేణి కాలరీస్ కంపెనీగా మారింది. 1945లో నిజాం ప్రభుత్వం ఇందులో అధిక వాటాలను కొనుగోలు చేసింది. ప్రస్తుతం సంస్థలో 51 శాతం వాటా రాష్ట్ర ప్రభుత్వానిది, 49 శాతం కేంద్ర ప్రభుత్వానిది.

ఇల్లందు తరువాత 1920 దశకం చివరలో బెల్లంపల్లి, 1930 దశకంలో కొత్తగూడెం, 1960 ప్రాంతంలో రామగుండం బొగ్గు క్షేత్రాలు తెరుచుకున్నాయి. గోదావరి ఒడ్డున గనుల చుట్టూ పెరిగిన పట్టణమే గోదావరిఖని. 1929లో పూర్తయిన కాజీపేట - బల్లార్ష రైలుమార్గం ఈ ప్రాంతానికి రాకపోకలను సులభం చేసింది. పాత కరీంనగర్, ఆదిలాబాదు, వరంగల్లు జిల్లాల పల్లెల నుండి వ్యవసాయ కూలీలు, చేతివృత్తులవారు "బొగ్గుబాయి" పనికి వచ్చారు. పాత గనులలో పనిచేసినవారు కొత్త గనులకు బదిలీ అయ్యారు. ఈ కారణంగా ఒకే కుటుంబం యొక్క ఆనవాళ్ళు ఇల్లందులో కొన్ని, బెల్లంపల్లిలో కొన్ని, గోదావరిఖనిలో మరికొన్ని దొరకవచ్చు.

బహిరంగ గనులు (ఓపెన్‌కాస్టులు), జలాశయాలు పెరిగిన తరువాత కొన్ని గ్రామాలు ఖాళీ అయ్యాయి. రామగుండం-3 ఏరియా బహిరంగ గని కోసం తరలించబడిన లద్నాపూర్ ఇందుకు ఒక ఉదాహరణ. శ్రీపాద ఎల్లంపల్లి జలాశయం కింద కూడా పలు ఊళ్ళు మునిగాయి. ఊరు పోయినప్పుడు ఇళ్ళతో పాటు సమాధులు, గుడి రాళ్ళు, ఇరుగుపొరుగు జ్ఞాపకాలు కూడా చెదిరిపోతాయి. కనుక నిర్వాసిత గ్రామాల పెద్దల నుండి వివరాలు సేకరించడం ఆలస్యం చేయరాని పని.

మౌఖిక సంప్రదాయం

రాత అందుబాటులో లేని కాలంలో వంశచరిత్రను కంఠస్థం చేసి కాపాడినవారు తెలంగాణలో ఎందరో ఉన్నారు. ఒక్కొక్క కులాన్ని ఆశ్రయించి, వారి కులపురాణాన్ని, గోత్రాలను, ఇంటిపేర్లను చెప్పి ప్రతిఫలం పొందే వారిని ఆశ్రిత కులాలవారు అంటారు. వీరు ఏ ఊళ్ళకు, ఏ ఇళ్ళకు వెళ్ళాలో వంశపారంపర్యంగా పంచుకొని ఉంటారు. వీరిలో కొందరు:

* పిచ్చిగుంట్లవారు - రెడ్డి తదితర వ్యవసాయ కులాల గోత్రాలు, వంశాలు చెబుతారు. వీరిని వంశరాజులు అని కూడా పిలుస్తారు.
* కూనపులివారు, సాధనాశూరులు - పద్మశాలీలకు ఆశ్రితులు.
* మందెచ్చులవారు - గొల్లలకు ఆశ్రితులు.
* డక్కలివారు, చిందువారు - మాదిగలకు ఆశ్రితులు. జాంబపురాణం వీరి కథనాలలో ముఖ్యమైనది.
* ప్రధానులు - ఆదిలాబాదు ప్రాంతపు రాజ్‌గోండుల వంశగాథలను కిక్రి వాద్యంపై పాడతారు.
* డోలీలు - కోయల గోత్రాల కథలను, సమ్మక్క - సారలమ్మ గాథను డోలు వాయిస్తూ చెబుతారు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య ఈ కళకు 2022లో పద్మశ్రీ పురస్కారం పొందాడు. ఆయన 2024లో మరణించాడు.
* ఢాడీలు - లంబాడీల వంశ చరిత్రను పాడతారు.

రాజ్‌గోండులలో నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల వారిగా గోత్ర విభజన ఉంది. ఒకే విభాగం వారి మధ్య వివాహం జరగదు. ఆదిలాబాదు జిల్లా ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్ నాగోబా జాతరలో మెస్రం వంశం వారు కొత్త కోడళ్ళను వంశదైవానికి పరిచయం చేస్తారు. దీనిని భేటింగ్ అంటారు. ఇంటికి వచ్చిన ప్రతి కోడలినీ వంశం మొత్తానికి ఎరుకపరచే ఈ ఆచారాన్ని ఒక మౌఖిక నమోదుగా భావించవచ్చు.

శ్రాద్ధకర్మలలో తండ్రి, తాత, ముత్తాతల పేర్లను గోత్రంతో సహా చెప్పడం పలు కులాలలో ఆచారం. తల్లి వైపు వారికి కూడా తర్పణం విడిచే కుటుంబాలలో అటు మూడు తరాల పేర్లు కూడా నిలుస్తాయి. ముత్తాతను దాటిన పేర్లు చాలా ఇళ్ళలో గుర్తు లేకపోవడానికి ఈ మూడు తరాల పరిమితి ఒక కారణం. ముస్లిం కుటుంబాలలో కొందరు షజ్రా అనే వంశవృక్ష పత్రాన్ని భద్రపరుస్తారు.

ఆశ్రిత కులాల కథనాలలో పురాణం, చరిత్ర కలిసి ఉంటాయి. మూలపురుషుని పుట్టుక వంటి విషయాలు విశ్వాసానికి సంబంధించినవి. ఇంటిపేర్లు, ఊళ్ళు, ఇచ్చిపుచ్చుకున్న సంబంధాలు మాత్రం ఇతర ఆధారాలతో సరిచూడదగినవి.

పేర్లు, వరుసలు

వంశ పరిశోధన చేసేవారు స్థానిక భాషను జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. పాత కరీంనగర్ జిల్లాలో తండ్రిని బాపు అని, తల్లిని అవ్వ అని పిలవడం వాడుక. తండ్రి అన్నను పెద్దబాపు అని, తండ్రి తమ్ముడిని చిన్నబాపు లేదా కాక అని అంటారు. పెద్దబాపు కొడుకు కూడా "అన్న" లేదా "తమ్ముడు" అవుతాడు. అందుచేత "వాడు మా తమ్ముడు" అన్న మాటను బట్టి ఇద్దరినీ ఒకే తల్లిదండ్రుల పిల్లలుగా రాయరాదు. "ఒక్క తల్లి కడుపున పుట్టినవారా?" అని అడిగి నిర్ధారించుకోవాలి.

తాత పేరు మనవడికి పెట్టడం వలన ఒకే పేరు తరం విడిచి తరం వస్తుంది. దైవాల పేర్లు కూడా విరివిగా కనబడతాయి. వేములవాడ రాజన్న పేరిట రాజయ్య, కొమురవెల్లి మల్లన్న పేరిట కొమురయ్య, ధర్మపురి నరసింహస్వామి పేరిట నర్సయ్య, ఓదెల మల్లన్న పేరిట ఓదెలు అనే పేర్లు ఈ ప్రాంతంలో ప్రతి ఊళ్ళోనూ వినిపిస్తాయి. ఇంటిపేరు, తండ్రి పేరు, ఊరి పేరు మూడూ కలిస్తే తప్ప పాత పత్రంలోని వ్యక్తి తమ పూర్వీకుడేనని చెప్పలేము.

ఇంటిపేరు మారిన సందర్భాలు కూడా ఉంటాయి. దత్తత వెళ్ళినవారు దత్తత తీసుకున్న ఇంటిపేరు ధరిస్తారు. ఇల్లరికం వచ్చిన అల్లుని పిల్లలు కొన్నిచోట్ల తాతగారి ఇంటిపేరుతో చలామణి అవుతారు. స్త్రీల పుట్టింటి పేర్లు వివాహం తరువాత పత్రాలలో కనిపించవు. కనుక అమ్మమ్మ, నాయనమ్మల పుట్టింటి ఇంటిపేర్లను పెద్దలు బ్రతికి ఉండగానే అడిగి రాసుకోవాలి.

రాతపూర్వక ఆధారాలు

గ్రామ పత్రాలు

తెలంగాణలో భూమి రికార్డులే వంశ పరిశోధనకు పెద్ద ఆధారం. సేత్వార్, పహాణీ, 1954-55 నాటి ఖాస్రా పహాణీ, ఆ తరువాతి చేసాల పహాణీ వీటిలో ముఖ్యమైనవి. పట్టాదారు మరణించినప్పుడు భూమిని వారసుల పేరిట మార్చడాన్ని ఫౌతీ లేదా విరాసత్ అంటారు. ఈ నమోదులో మరణించినవారి పేరు, వారసుల పేర్లు ఒకేచోట లభిస్తాయి గనుక ఒక తరాన్ని మరొక తరంతో కలపడానికి ఇది ఉపయోగపడుతుంది.

నిజాం కాలపు పత్రాలు ఉర్దూ, పారశీక భాషలలో ఉంటాయి. వాటిలో సంవత్సరాన్ని ఫసలీలో రాసేవారు. ఫసలీ సంవత్సరానికి 590 లేదా 591 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. ఉదాహరణకు 1358 ఫసలీ 1948-49కు సమానం. గ్రామాలలో వంశపారంపర్య పటేల్, పట్వారీ వ్యవస్థ 1984లో రద్దయింది. పాత పట్వారీల ఇళ్ళలో ఉండిపోయిన కాగితాలు కూడా కొన్ని సందర్భాలలో దారి చూపుతాయి. నిజాం ప్రభుత్వ దస్త్రాలు హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర పురావస్తు పత్ర భాండాగారంలో ఉన్నాయి.

భూమి లేని కుటుంబాల పేర్లు ఈ రికార్డులలో పట్టాదారులుగా కనిపించవు. గనుల పనికి వచ్చినవారిలో భూమి లేనివారు ఎందరో ఉన్నారు. వారి విషయంలో మౌఖిక కథనం, బడి రిజిస్టరు, గని రికార్డులే ప్రధాన ఆధారాలు.

జనన మరణాలు, బడులు, చర్చీలు

జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. అంతకు ముందు పుట్టినవారికి జనన ధృవపత్రం అరుదు. బడిలోని ప్రవేశ రిజిస్టరులో విద్యార్థి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, నివాసం ఉంటాయి. అయితే తల్లిదండ్రులకు తేదీ తెలియనప్పుడు ఉపాధ్యాయులే సుమారు వయస్సు చూసి ఒక తేదీ వేసేవారు. ఒకే బడిలో పలువురు పిల్లలకు జూన్, జులై నెలల తేదీలు కనిపించడానికి కారణం ఇదే. కనుక బడి తేదీని ఖచ్చితమైన పుట్టినరోజుగా తీసుకోరాదు. క్రైస్తవ కుటుంబాలకు చర్చి బాప్తిస్మ, వివాహ రిజిస్టర్లు ఉపయోగపడతాయి. జనాభా లెక్కలలో వ్యక్తుల వివరాలు 1948 చట్టం ప్రకారం రహస్యం గనుక అవి వంశ పరిశోధనకు లభించవు.

గని పత్రాలు

గనుల చట్టం (1952) ప్రకారం నిర్వహించిన ఫారం-బి రిజిస్టరులో కార్మికుని పేరు, తండ్రి పేరు, వయస్సు, స్వగ్రామం, గుర్తింపు చిహ్నాలు వంటి వివరాలు ఉంటాయి. 1948 చట్టం ప్రకారం ఏర్పడిన బొగ్గు గనుల భవిష్యనిధిలో నామినేషను పత్రాలు, 1998 నాటి పింఛను పథకంలో కుటుంబ సభ్యుల ప్రకటనలు ఉంటాయి. ఇవి కాక వైద్య కార్డులు, క్వార్టరు కేటాయింపు కాగితాలు, గుర్తింపు కార్డులు, జీతపు చీటీలు కుటుంబాల వద్ద దొరుకుతాయి. పల్లెలో తాత ముత్తాతలకు పట్టా కాగితం కూడా లేని కుటుంబానికి మొట్టమొదటి రాతపూర్వక ఆధారం గనిలో చేరిన నాటి నమోదే కావచ్చు.

మారుపేర్ల సమస్య

సింగరేణిలో కొందరు కార్మికులు తమ అసలు పేరుతో కాక వేరొకరి పేరుతో ఉద్యోగంలో చేరారు. పిలుపు వచ్చిన వ్యక్తి రాకపోతే అన్నో, తమ్ముడో, ఊరివాడో ఆ పేరుతో చేరడం దీనికి ఒక కారణం. ఊళ్ళో పిలిచే పేరు ఒకటి, రాయించుకున్న పేరు మరొకటి కావడం మరొక కారణం. దీనినే మారుపేర్ల సమస్య అంటారు. దశాబ్దాలపాటు ఆ కార్మికుడు గనిలో ఒక పేరుతోను, ఓటరు జాబితాలో, పిల్లల బడిలో మరొక పేరుతోను జీవించాడు.

కార్మికుడు మరణించినప్పుడు లేదా పనికి అనర్హుడైనప్పుడు ఈ తేడా బయటపడుతుంది. జాతీయ బొగ్గు వేతన ఒప్పందాలలో అటువంటి కార్మికుని ఆధారితులకు ఉద్యోగం కల్పించే నియమాలు ఉన్నాయి. కొడుకు ధృవపత్రంలో తండ్రి పేరు, గని రికార్డులోని పేరు సరిపోలకపోతే దరఖాస్తు నిలిచిపోతుంది. సంస్థ 2016లో ప్రకటించిన వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017 మార్చిలో ఉమ్మడి హైకోర్టు కొట్టివేసింది. వైద్యపరంగా అనర్హులైన కార్మికుల పిల్లలకు కారుణ్య నియామకాలు 2018 నుండి అమలులోకి వచ్చాయి. దీనితో పేర్ల సవరణ కోరిక మరింత బలపడింది. కార్మిక సంఘాలు దీనిని తమ ముఖ్యమైన కోరికలలో చేర్చాయి.

వంశ పరిశోధన దృష్టితో చూస్తే మారుపేరు ఒక వ్యక్తికి రెండు వంశవృక్షాలు కల్పిస్తుంది. గని రికార్డులో అతని తండ్రిగా వేరొకరి తండ్రి పేరు ఉంటుంది. ఈ విషయం తెలియని మనవడు కేవలం గని పత్రాన్ని నమ్మితే సంబంధం లేని కుటుంబాన్ని తన పూర్వీకులుగా రాసుకుంటాడు. అందువలన గని పత్రంలోని పేరును ఊరి పెద్దల మాటతోను, బడి రిజిస్టరుతోను, భూమి రికార్డుతోను పోల్చి చూడాలి. తేడా ఉంటే రెండు పేర్లనూ వంశవృక్షంలో రాసి, ఏ పేరు ఏ పత్రంలో ఉన్నదో చూపాలి.

డీఎన్‌ఏ పరీక్ష ఇక్కడ కొంతవరకే సహాయపడుతుంది. ఫలానా కొడుకు ఫలానా తండ్రికి పుట్టినవాడని పరీక్ష చెప్పగలదు. ఆ తండ్రే గని రిజిస్టరులోని వ్యక్తి అని మాత్రం చెప్పలేదు. రిజిస్టరులో ఉన్నవి పేరు, ఫొటో, వేలిముద్ర, పుట్టుమచ్చలు మాత్రమే. రక్తసంబంధాన్ని డీఎన్‌ఏ చెబితే, వ్యక్తి గుర్తింపును ఆ ఫొటో, వేలిముద్ర, తోటి కార్మికుల సాక్ష్యం చెప్పాలి.

వలస కార్మికుల పత్రాలతో పోలిక

పేదల వంశచరిత్ర యజమాని రాసుకున్న రికార్డులో నిలిచి ఉండటం సింగరేణికే పరిమితం కాదు. మద్రాసు రాజధాని తీర జిల్లాల నుండి ఒప్పంద కూలీలుగా వెళ్ళిన తెలుగువారి విషయమూ ఇటువంటిదే. 1860 నుండి 1911 వరకు దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు 1,52,184 మంది భారతీయులు చేరారు. వారి ఓడల జాబితాలలో కూలీ పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, శరీరంపై గుర్తులు రాసి ఉన్నాయి. మారిషస్ వలస పత్రాలు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. కూలీలు దిగిన ఆప్రవాసీ ఘాట్‌ను 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఆ దేశాలలోని తెలుగు సంతతివారు ఈ పత్రాల సహాయంతో తమ స్వగ్రామాలను వెదుకుతున్నారు. గుమాస్తా తనకు వినిపించినట్లు రాసిన పేర్లు, తారుమారైన ఊళ్ళ పేర్లు అక్కడ కూడా ప్రధాన చిక్కులు.

డీఎన్‌ఏ పరీక్షలు

రకాలు

* వై-క్రోమోజోమ్ పరీక్ష: ఇది తండ్రి నుండి కొడుకుకు మాత్రమే సంక్రమిస్తుంది. కనుక పితృవంశ రేఖను చూపుతుంది. పురుషులు మాత్రమే ఈ పరీక్ష చేయించుకోగలరు. స్త్రీలు తమ తండ్రి లేదా సోదరుని నమూనా ద్వారా తెలుసుకోవచ్చు.
* మైటోకాండ్రియా పరీక్ష: ఇది తల్లి నుండి పిల్లలందరికీ సంక్రమిస్తుంది. 16,569 అక్షరాల పొడవు గల ఈ చిన్న డీఎన్‌ఏ మాతృవంశ రేఖను చూపుతుంది.
* ఆటోసోమల్ పరీక్ష: మిగిలిన 22 జతల క్రోమోజోములను పరిశీలిస్తుంది. ఇది తల్లి, తండ్రి ఇరువైపుల బంధువులను చూపుతుంది. సొంత అన్నదమ్ముల మధ్య సగటున 50 శాతం, మేనత్త - మేనమామ లేదా చిన్నాన్న - పెదనాన్న పిల్లల మధ్య 12.5 శాతం, వారి పిల్లల మధ్య సుమారు 3 శాతం డీఎన్‌ఏ ఉమ్మడిగా ఉంటుంది. ఆపై తరాలలో ఇది వేగంగా తగ్గిపోతుంది.

పితృత్వ నిర్ధారణకు చేసే పరీక్ష వేరు, పూర్వీకుల కోసం వ్యాపార సంస్థలు చేసే పరీక్ష వేరు. మొదటిది ఇద్దరు నిర్దిష్ట వ్యక్తుల సంబంధాన్ని తేల్చడానికి చేసేది. రెండవది ఒక వ్యక్తి నమూనాను ఆ సంస్థ వద్ద ఉన్న ఇతరుల నమూనాలతో పోల్చేది.

హైదరాబాదులో జరిగిన పరిశోధనలు

కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) శాస్త్రవేత్త డాక్టర్ లాల్జీ సింగ్ (1947-2017) 1988 ప్రాంతంలో దేశీయ డీఎన్‌ఏ వేలిముద్రల పద్ధతిని రూపొందించాడు. 1996లో హైదరాబాదులో డీఎన్‌ఏ వేలిముద్రలు, రోగనిర్ధారణ కేంద్రం (సీడీఎఫ్‌డీ) ఏర్పడింది.

2009లో సీసీఎంబీ శాస్త్రవేత్తలు కె. తంగరాజ్, లాల్జీ సింగ్, అమెరికాకు చెందిన డేవిడ్ రైక్ తదితరులు నేచర్ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. 25 సమూహాలకు చెందిన 132 మందిని పరిశీలించిన ఈ పరిశోధన ప్రకారం నేటి భారతీయులలో అత్యధికులు ఉత్తర భారత పూర్వీకులు, దక్షిణ భారత పూర్వీకులు అని పేరుపెట్టిన రెండు ప్రాచీన జనసమూహాల కలయిక నుండి వచ్చినవారు. ఈ కలయిక ఇప్పటికి సుమారు 4,200 నుండి 1,900 సంవత్సరాల క్రితం జరిగిందని 2013లో వెలువడిన మరొక పరిశోధన తెలిపింది. ఆ తరువాత కులం లోపలే వివాహాలు స్థిరపడ్డాయి.

ఆంధ్రప్రదేశ్ వైశ్యులు వేల సంవత్సరాలుగా తమలో తామే వివాహం చేసుకుంటూ వచ్చారని ఈ పరిశోధనలు చూపాయి. వారిలో కొందరికి సక్సినైల్ కోలిన్ అనే మందును భరించలేని జన్యులోపం ఉంటుంది. శస్త్రచికిత్సకు ముందు మత్తు వైద్యునికి ఈ కుటుంబ చరిత్ర చెప్పడం అవసరం. వంశ సమాచారం ప్రాణరక్షణకు ఉపయోగపడుతుందనడానికి ఇది తెలుగువారి నుండే లభించిన ఉదాహరణ.

తెలుగువారికి వర్తించే పరిమితులు

మేనరికం, అక్క కూతురిని వివాహం చేసుకోవడం తెలుగువారిలో చాలా కాలంగా ఉన్న ఆచారాలు. సాధారణంగా ఒక వ్యక్తికి ఎనిమిది మంది ముత్తాత, ముత్తవ్వలు ఉంటారు. మేనత్త - మేనమామ పిల్లలు వివాహం చేసుకుంటే వారి సంతానానికి ఆరుగురే ఉంటారు. అక్క కూతురిని వివాహం చేసుకున్న ఇంట్లో ఒకే దంపతులు తండ్రి వైపు నుండి తాత, నాయనమ్మలుగాను, తల్లి వైపు నుండి ముత్తాత, ముత్తవ్వలుగాను కనబడతారు. ఇటువంటి కుటుంబాలలో ఉమ్మడి డీఎన్‌ఏ ఎక్కువగా ఉంటుంది. అందువలన దూరపు బంధువును దగ్గరి బంధువుగా నివేదిక చూపే అవకాశం ఉంది.

పోల్చడానికి కావలసిన నమూనాలు తక్కువగా ఉండటం మరొక పరిమితి. అంతర్జాతీయ 1000 జన్యురాశుల పథకంలోని 26 సమూహాలలో బ్రిటన్‌లో నివసించే తెలుగువారు ఒకటి. 10,000 మంది జన్యురాశులను చదివిన జీనోమ్ ఇండియా పథకం సమాచారం 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది. ఇవి శాస్త్ర పరిశోధనకు ఉద్దేశించినవి. వ్యాపార సంస్థల వద్ద గల నమూనాలలో ఎక్కువభాగం అమెరికా, ఐరోపా వాసులవి. గోదావరిఖని వాసి ఒకరు పరీక్ష చేయించుకుంటే విదేశాలలో స్థిరపడిన దూరపు బంధువు ఒకరిద్దరు దొరకవచ్చు, దొరకకపోవచ్చు. నివేదికలో "దక్షిణ భారతం" అన్న శాతం వస్తుందే గాని ఊరి పేరు, గోత్రం, ఇంటిపేరు రావు.

గోత్రాన్ని డీఎన్‌ఏతో నిరూపించడం సాధ్యం కాదు. ఒకే గోత్రనామం వేరు వేరు కులాలలో కనబడుతుంది. దత్తత, ఇల్లరికం వలన కూడా ఇంటిపేరు, పితృవంశ రేఖ వేరు వేరు కావచ్చు. వై-క్రోమోజోమ్ కలవనంత మాత్రాన పూర్వీకుల నడవడిని అనుమానించడం తగదు.

న్యాయస్థానాలలో

వివాహబంధం కొనసాగుతున్న కాలంలో పుట్టిన బిడ్డ ఆ దంపతుల సంతానమే అని 1872 నాటి సాక్ష్య చట్టం 112వ విభాగం చెప్పింది. 2024 జులై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 116వ విభాగం కూడా ఇదే నియమాన్ని కొనసాగించింది. మరణించినవారు బంధుత్వం గురించి చెప్పిన మాటలు, కుటుంబ వంశవృక్షం, సమాధి రాయి, కుటుంబ చిత్రపటం మీది రాతలు కూడా నిర్ణీత పరిస్థితులలో సాక్ష్యంగా చెల్లుతాయి. వివాదం పుట్టక ముందు రాసి ఉండటం దీనికి ముఖ్యమైన షరతు.

2007-2009 మధ్య ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా పనిచేసిన నారాయణ్ దత్ తివారీపై దాఖలైన పితృత్వ వ్యాజ్యంలో పరీక్ష హైదరాబాదులోని సీడీఎఫ్‌డీలో జరిగింది. తివారీయే తండ్రి అని 2012 జులైలో ఢిల్లీ హైకోర్టు ఆ ఫలితాన్ని వెల్లడించింది. శాస్త్రీయమైన డీఎన్‌ఏ ఫలితం ఉన్నప్పుడు చట్టపరమైన ఊహ కంటే దానికే విలువ ఎక్కువని 2014లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో చెప్పింది. అయితే ప్రతి వివాదంలోనూ పిల్లలకు పరీక్ష చేయించమని ఆదేశించరాదని, పిల్లల గౌరవాన్ని, జన్యు గోప్యతను కాపాడాలని 2023లో అదే న్యాయస్థానం స్పష్టం చేసింది.

గోప్యత

డీఎన్‌ఏ ఒక వ్యక్తికే చెందిన సమాచారం కాదు. అది తల్లిదండ్రులను, తోబుట్టువులను, పిల్లలను గురించి కూడా చెబుతుంది. ఇంట్లో దాచిన దత్తత, మరొక సంబంధం, తెలియని తోబుట్టువు వంటి విషయాలు అనుకోకుండా బయటపడవచ్చు. పరీక్షకు ముందు కుటుంబ సభ్యులతో మాట్లాడి, వారి అంగీకారం తీసుకోవడం మంచిది.

2023లో 23అండ్‌మీ సంస్థ ఖాతాల నుండి సుమారు 69 లక్షల మంది సమాచారం దొంగిలించబడింది. ఆ సంస్థ 2025 మార్చిలో దివాలా రక్షణ కోరింది. ఒకసారి ఇచ్చిన జన్యు సమాచారం సంస్థ చేతులు మారినప్పుడు ఏమవుతుందన్న ప్రశ్న దీనితో ముందుకు వచ్చింది. భారతదేశంలో 2019లో లోక్‌సభలో ప్రవేశపెట్టిన డీఎన్‌ఏ సాంకేతిక నియంత్రణ బిల్లును 2023లో ఉపసంహరించారు. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది.

పరిశోధన పద్ధతి

1. తమ నుండి మొదలుపెట్టి ఒక్కొక్క తరం వెనుకకు వెళ్ళాలి. ప్రసిద్ధ పురుషుని నుండి కిందికి రావడానికి ప్రయత్నించరాదు.
2. ఇంట్లోని పెద్దలను, ముఖ్యంగా స్త్రీలను, విడివిడిగా అడగాలి. వారి అనుమతితో మాటలను రికార్డు చేయాలి.
3. తేదీ తెలియనప్పుడు సంఘటనలతో గుర్తించాలి. రజాకార్ల కాలం (1947-48), 1969 తెలంగాణ ఉద్యమం, 1986 గోదావరి వరదలు, 17 మంది కార్మికులు మరణించిన 2003 జూన్ 16 నాటి గోదావరిఖని 7వ గని ప్రమాదం వంటివి ఈ ప్రాంతంలో అందరికీ గుర్తుండేవి.
4. గని, బడి, భూమి, పింఛను పత్రాలను సేకరించి నకళ్ళు తీయాలి. పేరు ఎక్కడ ఎలా రాసి ఉందో అలాగే రాసుకోవాలి.
5. స్వగ్రామానికి వెళ్ళి దాయాదుల ఇళ్ళలో సరిచూడాలి. ఆ ఇంటికి వచ్చే ఆశ్రిత కులాల కథకులను కలవాలి.
6. ప్రతి వివరం పక్కన అది ఎవరు చెప్పినది, ఏ పత్రంలోనిది అని రాయాలి. సందేహం ఉన్నచోట ప్రశ్నార్థకం ఉంచాలి.
7. మాటతోను, పత్రంతోను తేలని నిర్దిష్టమైన ప్రశ్న మిగిలినప్పుడే డీఎన్‌ఏ పరీక్షకు వెళ్ళాలి. ఎవరిని పరీక్షిస్తే ఆ ప్రశ్న తేలుతుందో ముందుగా నిర్ణయించుకోవాలి. అన్నదమ్ముల వై-క్రోమోజోమ్ సాధారణంగా ఒకటే గనుక చనిపోయిన తాతకు బదులు అతని తమ్ముని కొడుకును పరీక్షించవచ్చు. అయితే ఇది ఒకే పితృవంశం అని చెబుతుందే గాని తాత ఎవరో, చిన్నతాత ఎవరో విడదీసి చెప్పదు.

మూడు ఆధారాలలో ప్రతి ఒక్కదానికీ లోపం ఉంది. జ్ఞాపకం తరాలను కలిపివేస్తుంది, పత్రం పేరును తప్పుగా రాస్తుంది, డీఎన్‌ఏ పేరు చెప్పదు. మూడూ ఒకే మాట చెప్పినప్పుడు మాత్రమే వంశవృక్షంలోని ఆ కొమ్మను నిశ్చితమైనదిగా పరిగణించవచ్చు.

ఇవి కూడా చూడండి

* సింగరేణి కాలరీస్
* గోదావరిఖని
* రామగుండం
* ఇంటిపేరు
* గోత్రం
* మేనరికం
* నాగోబా జాతర
* లాల్జీ సింగ్